అలసంద: నాటు తీగ రకమా, 60 రోజుల మేలురకమా, గింజా మేతా ఇచ్చే రకమా?

మేలురకం వేసినా కాయ పట్టలేదని రైతు అంటే, విత్తనం పేరు తర్వాత అడగొచ్చు. మందు ఎన్నిసార్లు కొట్టారన్నది ముందు అడగాలి. అలసందకు, అదే బొబ్బర్లకు, రకం మార్చడమంటే సస్యరక్షణ కూడా మార్చడమే. విత్తనం ఖర్చు అందులో చిన్న భాగం.

పోల్చాల్సినవి మూడు. మొదటిది నేల మీద పాకే నాటు రకం. రెండోది 60–65 రోజుల్లో కోతకొచ్చే, నిటారుగా పెరిగే రకం. మూడోది 75–85 రోజులు తీసుకుని గింజతో పాటు మేతా ఇచ్చే రకం.

నాటు రకాన్ని తక్కువ అంచనా వేయకూడదు. చాలా నాటు రకాలు పగటి పొద్దు తగ్గితే తప్ప పూతకు రావు. అందుకే కాస్త ముందు విత్తినా వెనక విత్తినా వానలు వెనకపట్టే రోజులకే పూస్తాయి, కాయ పొడి ఎండలో ఆరుతుంది. సజ్జ, జొన్నల నీడనూ కొంత ఓర్చుకుంటాయి. చిక్కల్లా వాన ముందే ఆగిపోయిన ఏడాది వస్తుంది. అప్పటికి తీగ ఏపుగా ఉంటుంది, పూత మాత్రం అప్పుడే మొదలవుతుంది. ఆ ఏడాది పశువులకు మేత మిగులుతుంది, ఇంటికి గింజ రాదు.

60 రోజుల రకం ఆ చివరి బెట్టను తప్పించుకుంటుంది. 1980ల కరువుల తర్వాత సెనెగల్, సూడాన్‌లలో తొందరగా కోతకొచ్చే రకాల మీద దృష్టి పడడానికి కారణం ఇదే. పాత గింజలు అయిపోయి కొత్త పంట ఇంకా రాని రోజుల్లో పచ్చికాయ చేతికి రావడం చిన్న లాభం కాదు. అయితే దీని బలహీనతలు రెండు. పూత అంతా ఒకేసారి వస్తుంది కాబట్టి సరిగ్గా ఆ పది రోజుల్లో బెట్ట తగిలితే పూత రాలిపోతుంది. తీగ రకమైతే వాన పడగానే మళ్లీ మొగ్గ వేసి కోలుకుంటుంది. రెండోది, తొలకరికే విత్తితే కాయ వానలోనే పండుతుంది. తడిసిన కాయలో బూజు పడుతుంది, గింజ రంగు మారుతుంది, కొన్నిసార్లు కాయలోనే మొలకెత్తుతుంది. పచ్చికాయ కోసమైతే తొలకరికే వేయొచ్చు. ఎండుగింజ కోసమైతే ఆ ప్రాంతంలో వాన మామూలుగా ఆగే రోజు నుంచి 65 రోజులు వెనక్కి లెక్కేసి విత్తాలి.

రకం మార్చిన రైతు పాత పద్ధతినే కొనసాగిస్తే నష్టపోయేది సాళ్ల దగ్గర. నిటారు రకాన్ని సజ్జ మధ్యన పలుచగా విత్తితే నేలను కప్పదు, నీడలో కాయదు. దానికి సాళ్ల మధ్య 75 సెంటీమీటర్లు, పాదుల మధ్య 20 సెంటీమీటర్లు, పాదుకు రెండు మొక్కలు ఉండాలి. ఎకరాకు 8–10 కిలోల విత్తనం పడుతుంది. తిండిగింజ కూడా వేయాల్సిందేనంటే రెండు సాళ్లు సజ్జ లేదా జొన్న, నాలుగు సాళ్లు అలసంద చొప్పున పట్టీలుగా వేస్తే నీడ సమస్య చాలా తగ్గుతుంది. ఎరువుల్లో కావాల్సింది భాస్వరం: ఎకరాకు సుమారు 75 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ చాలు. వేరుబుడిపెలు నత్రజనిని అవే సమకూరుస్తాయి. యూరియా మీద మోజు పడితే ఆకే పెరుగుతుంది.

ఇక పురుగులు. మొలక దశలో పేనుబంక, మొగ్గ దశలో తామర పురుగు, పూతలో మరూకా మచ్చల పురుగు, పిందెల్లో రసం పీల్చే నల్లులు వరుసగా వస్తాయి. మొగ్గ కనిపించగానే ఒకటి, పది రోజులకు పూత–పిందె దశలో ఇంకొకటి చొప్పున రెండు పిచికారీలు లేకుండా 60 రోజుల రకం వేయడం దండగ. నల్లులు కనిపిస్తే మూడోది. సాయంత్రం కొడితే తేనెటీగలకు చేటు తగ్గుతుంది. మరూకా లార్వా పూవు లోపల గూడు కట్టుకుంటుంది, లోపలికి చేరాక మందు తగలదు. నైజీరియా 2019లో ఆమోదించిన బీటీ (జన్యుమార్పిడి) అలసంద సాంపియా 20-టి ఈ ఒక్క పురుగును తట్టుకుంటుంది. తామర పురుగుకు, నల్లులకు మాత్రం మందు తప్పదు. బీటీ అనగానే స్ప్రేయరు అటక మీద పెట్టేస్తే మోసపోతారు.

మందు దొరకని చోట, కొట్టే మనిషి లేని చోట నాటు రకమే మేలు. ఒక పిచికారీ చేయగలిగితే, పశువులు కూడా ఉంటే, మూడో రకం వైపు మొగ్గాలి. దీని కోత 60 రోజుల రకం కంటే రెండు మూడు వారాలు వెనకైనా, కాయ కోసేసరికి తీగ ఇంకా పచ్చగా ఉంటుంది. ఆకు రాలకముందే కోసి నీడన ఆరబెడితే ఎండాకాలంలో మేకలకు, ఎడ్లకు దానికి మించిన మేత ఉండదు. ఆ మేతను లెక్కలోకి తీసుకోకుండా గింజ దిగుబడే చూసి ఈ రకాన్ని పక్కనపెట్టడం తప్పు.

స్ట్రైగా ఉన్న పొలానికి ఈ తూకమంతా మారుతుంది. ఊదా పూలతో అలసంద వేరుకు అతుక్కుని పెరిగే పరాన్న కలుపు ఇది. విత్తనాలు నేలలో ఏళ్ల తరబడి బతికి ఉంటాయి, పీకితే పోదు. తట్టుకునే రకమే ఇక్కడ దారి. బోట్స్‌వానా నాటు రకం బి301 నుంచి వచ్చిన తట్టుకునే గుణాన్ని నైజీరియాలోని ఇబాడాన్‌లో ఉన్న అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ సంస్థ (ఐఐటీఏ) తన రకాల్లోకి తెచ్చింది. కానీ స్ట్రైగాలోనూ జాతులున్నాయి. ఒక చోట నిలిచిన రకం మరో చోట పడిపోవచ్చు కాబట్టి ముందు కొద్ది సాళ్లలోనే పరీక్షించాలి.

ఏది ఎంచుకున్నా మొదటి ఏడాది పొలమంతా మార్చొద్దు. సగం నాటు, సగం కొత్తది వేస్తే మధ్యలో బెట్ట వచ్చినా, చివర్లో వచ్చినా ఏదో ఒకటి నిలుస్తుంది. అలసంద స్వపరాగ సంపర్క పంట కాబట్టి విత్తనం ఏటా కొనక్కర్లేదు. తేడా మొక్కలు ఏరేస్తూ మూడు నాలుగేళ్లు ఇంటి విత్తనమే వాడొచ్చు. దాచడమే కష్టం. పుచ్చు పురుగు పొలంలోనే కాయ మీద గుడ్డు పెట్టి గింజతో పాటు ఇంటికొస్తుంది, నెలకో తరం చొప్పున పెరుగుతుంది. కొరికితే టక్కున విరిగేదాకా గింజ ఆరబెట్టి, పిక్స్ (PICS) అనే, గాలి చొరబడని మూడు పొరల సంచిలో పోయాలి. లోపలి రెండు పాలిథీన్ సంచులనూ గాలి లేకుండా పిండి, ఒక్కోదాన్ని విడిగా మెలిపెట్టి కట్టాలి. ఆక్సిజన్ తగ్గి పురుగు చస్తుంది. ఎలుక కొరికిన చిన్న చిల్లు ఉన్నా ఆ కట్టు పనికిరాదు, అందుకే నింపే ముందు సంచిని ఊది చూసుకోవాలి.