కాసు గొలుసు: లావుపాటి గుల్లదా, సన్నపాటి గట్టిదా?

బంగారం కొట్లో రెండు గొలుసులు పక్కపక్కన పెట్టారనుకోండి. రెండూ తాడులా మెలితిరిగిన రోప్ డిజైనే, రెండూ ఇరవై అంగుళాలు, 22 క్యారెట్లు, తూకం సరిగ్గా కాసు, అంటే 8 గ్రాములు. మొదటిది మూడు మిల్లీమీటర్ల లావు, మెడలో నిండుగా కనిపిస్తుంది. రెండోది రెండు మిల్లీమీటర్లకు కాస్త లోపే. ఎవరి చెయ్యయినా ముందు లావుదాని మీదికే పోతుంది. అదే బంగారం, అదే బరువు, మరి ఇది ఇంత లావు ఎలా అయింది? లోపల ఏమీ లేదు కాబట్టి. కొట్లో దీన్ని హాలో అనో లైట్ వెయిట్ అనో అంటారు. తెలుగులో చెప్పుకుంటే గుల్ల గొలుసు. రెండోది గట్టి గొలుసు, అంటే లోపలంతా బంగారు తీగే. మూడు మిల్లీమీటర్ల లావు గట్టి గొలుసే కావాలంటే కాసు చాలదు, ఇంచుమించు రెండున్నర కాసులు పెట్టాలి.

గుల్ల గొలుసు ఎలా తయారవుతుందో తెలిస్తే అది ఎక్కడ పాడవుతుందో కూడా తెలుస్తుంది. పలచని బంగారు రేకును రాగి తీగ చుట్టూనో ఇనుప తీగ చుట్టూనో గొట్టంలా చుడతారు. లోపలి తీగతో సహా కత్తిరించి, లింకులుగా వంచి, అల్లి, టంకం పెడతారు. ఆఖరున గొలుసును ఆమ్లంలో వేస్తే లోపలి తీగ కరిగిపోయి బంగారు పెంకు మిగులుతుంది. ఇనుముకైతే హైడ్రోక్లోరిక్ ఆమ్లం, రాగికైతే నైట్రిక్. కరిగింది బయటికి రావాలి గనక రేకు అంచులు కలిసే చోట వెంట్రుకంత సందు ఉంటుంది. అది పైకి కనబడకుండా లింకు లోపలి వంపులోకి తిప్పుతారు. ఆ సందును గుర్తుపెట్టుకోండి, మళ్లీ మళ్లీ దాని దగ్గరికే రావాలి.

పెంకు మందం ఎంతుంటుంది? లింకు తీగ బయటి కొలత 0.8 మిల్లీమీటరు, రేకు మందం 0.1 మిల్లీమీటరు అనుకుంటే, గట్టి తీగలో ఉండే బంగారంలో నూటికి 44 వంతులే ఇందులో ఉంటుంది. 0.1 మిల్లీమీటరంటే మామూలు తెల్లకాగితం మందం. గొలుసు మెడలో కదిలినప్పుడల్లా పక్కపక్క లింకులు ఒకదాన్నొకటి రాసుకుంటాయి. గట్టి తీగలో ఆ రాపిడికి ఏళ్లు గడిచాక చిన్న గాడి పడుతుంది, అప్పటికీ కింద బోలెడు లోహం ఉంటుంది. గుల్లదానిలో అదే గాడి పెంకుకు చిల్లు పెడుతుంది. చిల్లు పడ్డ లింకు విచ్చుకుంటుంది, గొలుసు తెగుతుంది. ఎక్కువగా తెగేది హుక్కు దగ్గరి చివరి భాగంలోనూ, లాకెట్టు వేలాడే చోటా.

22 క్యారెట్లు కావడం ఇక్కడ ఇంకో ఇబ్బంది. ఇటలీ యంత్రాల మీద వచ్చే గుల్ల గొలుసుల్లో చాలావరకు 14, 18 క్యారెట్లవి. వాటిలో రాగి, వెండి పాలు ఎక్కువ కాబట్టి పెంకు బిరుసుగా ఉంటుంది. మనకేమో 916, అంటే 22 క్యారెట్లు, అయితేనే బంగారం. 22 క్యారెట్ల రేకు మెత్తన, చిన్న దెబ్బకే సొట్ట పడుతుంది. గుల్లదే కావాలని మనసు పడితే 18 క్యారెట్లలో చూడండి. రంగు కొంచెం పాలిపోయినట్టు ఉన్నా నిలబడుతుంది. అమెరికాలో ఉన్నవాళ్లు కొనే 14 క్యారెట్ల లావు రోప్‌లు ధర మరీ చవగ్గా ఉంటే వివరాల్లో హాలో అన్న మాట ఉందేమో వెతకాలి.

ఇప్పుడు అందరూ పొరబడే విషయం. హాల్‌మార్క్ ఉంది కదా అని గట్టిదనుకుంటారు. హాల్‌మార్క్ చెప్పేది స్వచ్ఛత గురించే. ప్రభుత్వ ప్రమాణాల సంస్థ బీఐఎస్ గుర్తు, 22కే916 అన్న అంకె, ఒక్కో నగకి విడిగా ఇచ్చే ఆరక్షరాల గుర్తింపు సంఖ్య హెచ్‌యూఐడీ, ఈ మూడూ గుల్ల గొలుసు మీదా నిక్షేపంగా ఉంటాయి, అందులో మోసమేమీ లేదు. 2023 ఏప్రిల్ 1 నుంచి, కొన్ని మినహాయింపులు తప్ప, హెచ్‌యూఐడీ లేని నగ అమ్మకూడదు. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే నగ రకం, క్యారెట్లు, హాల్‌మార్క్ వేసిన కేంద్రం వివరాలు వస్తాయి, లోపల గుల్లా గట్టా అన్నది రాదు. కౌంటరు మీద స్వచ్ఛత చూపే క్యారెట్ మీటరూ అంతే, అది చదివేది పైపొరనే.

మరి కొట్లో ఎలా కనిపెట్టాలి? మొదటి పని, నోరు తెరిచి అడగడం: "ఇది హాలోనా, సాలిడా?" మంచి కొట్లో సూటిగా చెబుతారు. "లైట్ వెయిట్ అండి, ఇప్పుడంతా ఇవే పోతున్నాయి" అని జారుకుంటే అదే జవాబు. తర్వాత పదింతలు చూపే భూతద్దం అడిగి తీసుకుని, హుక్కు పక్కనున్న లింకును వెలుతురుకి వంచి లోపలి వంపు చూడండి. గట్టిదైతే నున్నగా ఉంటుంది, మహా అయితే టంకం మచ్చ ఒకటి. గుల్లదైతే లింకు పొడవునా సన్నని నల్లగీత పోతుంటుంది. అదే ఆ సందు. గొలుసును అరచేతిలో కుప్పగా పోసుకున్నా తేడా తెలుస్తుంది. గట్టిది నీళ్లలా జారి ఒక్కచోట చేరుతుంది, గుల్లది పొంగినట్టు నిలబడుతుంది. గాజు బల్ల మీద అంగుళం ఎత్తు నుంచి వదిలితే గట్టిదాని చప్పుడు బరువుగా, గుల్లదాని చప్పుడు రేకు రాలినట్టు పలచగా వస్తుంది. హుక్కును చూసి మాత్రం తీర్పు చెప్పకండి, గుల్ల గొలుసుకీ హుక్కు గట్టిదే వేస్తారు.

ఖర్చు లెక్క చూద్దాం. లెక్క సులువు కోసం గ్రాము 10,000 రూపాయలు అనుకుందాం. సన్న గట్టి గొలుసు, 8 గ్రాములు, తరుగు 8 శాతం: 86,400, దాని మీద 3 శాతం జీఎస్‌టీ 2,592, మొత్తం 88,992. గుల్లది అదే 8 గ్రాములు, తరుగు 14 శాతం: 91,200, జీఎస్‌టీ 2,736, మొత్తం 93,936. తరుగు శాతాలు కొట్టుకొట్టుకీ మారతాయి గానీ, గుల్లదానికి పని ఎక్కువ కాబట్టి సాధారణంగా దాని శాతమే పైన ఉంటుంది. రేపు మార్చుకోబోతే రెంటికీ కాగితం మీద వచ్చేది అదే 80,000. అంటే కొన్న రోజే గట్టిదాని మీద 8,992, గుల్లదాని మీద 13,936 పోయినట్టు. పైగా గుల్లదాన్ని కరిగిస్తే టంకం పాలు ఎక్కువ తేలుతుంది, లోపల చేరిన మురికి తూకంలోంచి పోతుంది. నాలుగేళ్లకోసారి తెగి మార్చుకుంటూ పోతే ప్రతిసారీ ఈ తరుగు కట్టాల్సిందే.

ఆ మురికి సంగతి మన ఇళ్లలో ఇంకాస్త ఎక్కువ. చెమట, కొబ్బరినూనె, పసుపు అన్నీ ఆ సందులోంచి లోపలికి పోతాయి. నగల్ని కుంకుడు రసంలో నానబెట్టి బ్రష్షుతో రుద్దడం మంచి అలవాటే, గట్టి గొలుసుకి. గుల్లదానిలో ఆ రసం లోపలే ఉండిపోతుంది, తర్వాత మెడ వేడికి నల్లగా ఊరుతుంది. గుల్లదాన్ని మెత్తని తడిగుడ్డతో తుడిచి ఆరబెడితే చాలు. వేసుకుని పడుకోకూడదు, డబ్బాలో మెలిపెట్టి కుక్కకూడదు.

తెగితే? గట్టి గొలుసును వీధి చివరి కంసాలి కూడా అతికేస్తాడు: తెగిన చోట శుభ్రం చేసి, వెలిగారం రాసి, టంకం ముక్క పెట్టి, మంట తగిలించి, పలచటి ఆమ్లంలో ముంచి మెరుగు పెడతాడు. గుల్లదానికి అదే మంట తగిలితే టంకం పారేలోపే పెంకు కుంగిపోవచ్చు, టంకం గొట్టంలోకి పీల్చుకుపోవచ్చు, పక్క లింకు అతుక్కుని బిగుసుకోవచ్చు. ఆమ్లం లోపల చిక్కితే కొన్నాళ్లకు పచ్చగా పైకి వస్తుంది. లేజర్ అతుకు వేసేచోట కొంత నయం, వేడి సూది మొనంత చోటే తగులుతుంది. సొట్టలకు మాత్రం మందు లేదు, లోపలినుంచి తట్టే దారి ఉండదు కదా.

అలాగని గుల్ల అంటేనే లొటారం అని కొట్టిపారేయక్కర్లేదు. గుండ్ల హారంలో గుండ్లు గుల్లవే, లోపల లక్క నింపుతారు. బుట్టలు రేకు పనే, గట్టిగా పోతపోస్తే చెవులు సాగుతాయి. వాటికి రాపిడి తక్కువ. పెళ్లికో పండక్కో ఏడాదికి ఐదారుసార్లు వేసి తీసే గొలుసైనా గుల్లది చక్కగా పనికొస్తుంది, లావు కనిపిస్తుంది, మెడ బరువెక్కదు. రోజూ ఒంటిమీద ఉండేదానికి, చంటిపిల్లల మెడకి, లాకెట్టు వేసేదానికి వద్దు. పుస్తెలతాడుకైతే ఆ ఆలోచనే రానివ్వకండి, పుస్తెల బరువు ఇరవై నాలుగ్గంటలూ రెండు మూడు లింకుల మీదే పడుతుంది.

కాసు బంగారమే ఉండి రోజూ వేసుకోవాలంటే సన్నదైనా గట్టిదే తీసుకోండి. ఏది కొన్నా బిల్లులో వస్తువు వివరం దగ్గర హాలో, సాలిడ్ రెంటిలో ఒకటి రాయించండి. నికర తూకం, క్యారెట్లు, హాల్‌మార్క్ రుసుము విడివిడిగా ఉండాలి, మార్చుకుంటే ఎంత కోస్తారో కూడా రాతలో అడగండి. గట్టిదాని విషయంలో ఇంకొక్క జాగ్రత్త. గొలుసు ఎంత గట్టిదైనా హుక్కును కలిపే చిన్న రింగు చాలాసార్లు టంకం లేకుండా నొక్కి వదిలేస్తారు, అలాంటప్పుడు మొదట విచ్చుకునేది అదే. ఇంటికి తెచ్చుకునే ముందే కొట్లో ఆ రింగుకి టంకం వేయించండి, ఐదు నిమిషాల పని.