కొత్త తుపాకీకి పట్టిన గ్రీజు: కిరోసినా, వేడి సబ్బునీళ్లా?

పంట కాపలాకు లైసెన్సు మీద కొన్న, గొట్టం మూతి నుంచి మందు దట్టించే మజిల్ లోడర్‌ను బద్వేలులో మా మామ విప్పగానే చేతికి తేనెలా జిగురు అంటింది. తుప్పు పట్టకుండా కంపెనీలో పూసే గ్రీజు అది. తుడవకుండా పేలిస్తే తుపాకిమందు మసితో కలిసి గొట్టంలో తారులా గట్టిపడుతుంది.

మామ కిరోసిన్ అన్నాడు. నిజమే, గ్రీజును చప్పున కరిగిస్తుంది. తడిపిన గుడ్డ ముక్కలు కడ్డీతో ఆడిస్తే మొదటిది నల్లగా, నాలుగోది లేత పసుపుగా వచ్చింది. కానీ పల్చటి నూనె పొర మిగులుతుంది. కర్ర మీద పడితే పాలిష్ పాడవ్వచ్చు. పొయ్యి దగ్గర ససేమిరా వద్దు.

వేడి సబ్బునీళ్లు ఆ పొరను తీసేస్తాయి గానీ గడ్డకట్టిన గ్రీజు దగ్గర వాటి పప్పులుడకవు. ఆరబెట్టడం ఆలస్యమైతే మన కడప ఎండలో కూడా ఎర్రటి తుప్పే. నీళ్లు బాగా కాగి ఉంటే ఇనుము వేడికే తడి ఆరుతుంది. వెంటనే సన్నగా నూనె రాయాలి, పేల్చే ముందు దాన్నీ తుడవాలి.

నేనైతే ముందు కిరోసిన్, తర్వాత సబ్బునీళ్లు అంటాను. ఒక్కటే చాలనుకుంటే కిరోసిన్, ఆపై స్పిరిట్ గుడ్డ. టోపీ (మందుకు నిప్పు అందించే చిన్న మూత) కింది సన్న రంధ్రాన్ని శుభ్రం చేయడం మాత్రం మామ మరిచాడు. మూడు టోపీలు పేలినా మందు అంటుకోలేదు.