540 మి.లీ. మందు 3.5 మి.లీ.లో: రయానోడెక్స్ సమీక్ష

ఆపరేషన్ మధ్యలో మలిగ్నెంట్ హైపర్‌థెర్మియా (కొన్ని మత్తుమందుల వల్ల కండరాలు బిగుసుకుని ఒళ్లు ప్రాణాంతకంగా వేడెక్కే స్థితి) మొదలైతే అసలు విరుగుడు డాంట్రోలీన్ ఒక్కటే. కండరాలను సడలించే సక్సినైల్‌కోలిన్ వల్లో, సీవోఫ్లూరేన్ లాంటి ఆవిరి మత్తుమందుల వల్లో కండర కణాల్లో కాల్షియం అదుపు తప్పితే దాన్ని కాల్షియం బయటికొచ్చే ద్వారమైన రయానోడిన్ రిసెప్టర్ దగ్గరే ఆపుతుంది. అమెరికాలో 2014లో అనుమతి పొందిన రయానోడెక్స్‌లోనూ ఉన్నది అదే మందు. మారింది కలిపే పని.

పాత 20 మి.గ్రా. సీసా ఒక్కోదాంట్లో 60 మి.లీ. స్టెరైల్ వాటర్ పోయాలి. 70 కిలోల మనిషికి కిలోకి 2.5 మి.గ్రా. చొప్పున తొలి డోసు 175 మి.గ్రా.: తొమ్మిది సీసాలు, 540 మి.లీ. నీళ్లు. పొడి ఒక పట్టాన కరగదు. సెలైన్ వాడకూడదు. ఆవిరి మత్తుమందు ఆపడం, నూరు శాతం ఆక్సిజన్‌తో వెంటిలేషన్ పెంచడం, ఒళ్లు చల్లబరచడం, పొటాషియం చూడటం అన్నీ ఒకేసారి మీదపడ్డప్పుడు ఇద్దరు ముగ్గురు సీసాలు ఊపుతూ ఉండిపోతారు. రయానోడెక్స్ సీసాలో 250 మి.గ్రా. ఉంటుంది, 5 మి.లీ. స్టెరైల్ వాటర్ చాలు. అదే డోసు 3.5 మి.లీ., ఒక్కరు కలిపేయొచ్చు. ఈ ఒక్క కారణానికే మా ఓటు దీనికి.

పాతదానికి అలవాటుపడ్డవాళ్లు తడబడే చోట్లున్నాయి. పాత మందును తేటపడేదాకా ఊపాలి. ఇది ఎంత ఊపినా తేటపడదు, ఇది సస్పెన్షన్, అంటే పొడి కరగకుండా నీళ్లలో తేలుతూ ఉంటుంది. అడుగున పొడి మిగలకుండా అంతటా ఒకే నారింజ రంగు వస్తే చాలు, ఇచ్చేయాలి. గాఢత మి.లీ.కి 50 మి.గ్రా., అంటే పాతదానికి 150 రెట్లు. అందుకే రెండు రకాలూ ఒకే ట్రాలీలో పెట్టొద్దు. సెలైన్ సంచిలో కలపకుండా, ధారాళంగా పారుతున్న లైన్‌లోకి నేరుగా ఎక్కించాలి. మందు నరం బయటికి పోతే అక్కడి కండ దెబ్బతింటుంది.

చాలామంది మరిచేది మాన్నిటాల్, మూత్రం ఎక్కువ వచ్చేలా చేసే మందు. పాత సీసాలో 3 గ్రాములుంటుంది, తొమ్మిదింటితో 27 గ్రాములు వెళ్లిపోతుంది. ఇందులో 125 మి.గ్రా. మాత్రమే. దెబ్బతిన్న కండరాల నుంచి రక్తంలోకి వచ్చే మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ నుంచి కిడ్నీలను కాపాడటానికి మాన్నిటాల్ కావాలనుకుంటే విడిగా ఇవ్వాల్సిందే. వెరాపమిల్ లాంటి గుండె, బీపీ మందులు (కాల్షియం ఛానెల్ బ్లాకర్లు) మాత్రం రెండింటితోనూ కూడదు, పొటాషియం పెరిగి గుండె కుప్పకూలే ప్రమాదం ఉంది.

నిల్వకు అమెరికాలోని మలిగ్నెంట్ హైపర్‌థెర్మియా సంఘం చెప్పే లెక్క పాతవైతే 36 సీసాలు, ఇవైతే 3. మూడింట్లో ఒకటి చేజారి పగిలితే నిల్వలో మూడో వంతు పోయినట్టే, 100 కిలోలు దాటిన మనిషికి తొలి డోసుకే రెండో సీసా తెరవాలి. నాలుగోది ఉంచుకోవడమే మేలు.