సంఘ పితరుల 38 సంపుటాల సెట్‌కి డబ్బు పంపేముందు ఇది చదవండి

సంఘ పితరులంటే తొలి శతాబ్దాల క్రైస్తవ గురువులు, వాళ్ల రచనల సెట్ ఇది. అది అమ్మేది ఎవరో పాస్టర్ల గ్రూపుల్లో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు, నీలం అట్టల ఫొటో మీరూ చూసే ఉంటారు. క్రీ.శ. 325లో నైసియాలో జరిగిన సంఘ మహాసభకు ముందువాళ్ల రచనలు 10, ఆ తర్వాతవి 14 చొప్పున రెండు వరుసలు, అన్నీ ఇంగ్లీషులో, గట్టి బైండింగ్, 16,000 రూపాయలు. మా అమ్మ పేరున చర్చిలో చిన్న లైబ్రరీ పెడదామని అన్నదమ్ములం వేసుకున్న డబ్బు అది. మొత్తం ఒకేసారి ఫోన్‌లోనే పంపేశాను. తమ్ముడు సగం ఆపమన్నాడు, నేనే వినలేదు.

నిన్న సాయంత్రం పార్శిల్ వచ్చింది. 11 పుస్తకాలే ఉన్నాయి. పల్చటి కాగితం మీద జిరాక్సులు, కొన్ని పేజీలు వంకరగా పడి చివరి వరుసలు తెగిపోయాయి. వీపు మీద అతనాసియస్ అనే పితరుడి పేరు ఉన్నదాంట్లో క్రిసోస్తొం అనే మరో పితరుడి ప్రసంగాలున్నాయి. కొత్త నిబంధన 27 పుస్తకాల పేర్లు వరసగా రాసిన అతనాసియస్ 367 నాటి ఈస్టర్ పండుగ ఉత్తరాన్ని మా యువకులకి చూపిద్దామనుకున్నాను, అది అసలు రానే లేదు.

ఇవన్నీ ఓర్చుకునేవాణ్ణేమో. కానీ నేను మొదట తీసింది అగస్టీన్ అనే పితరుడు తన జీవితం గురించి రాసుకున్న 'ఒప్పుకోలు'. ఆదివారం అమ్మ జ్ఞాపకార్థ కూడిక, అందులో అగస్టీన్ తల్లి మోనికా గురించి మాట్లాడాలని రెండు నెలలుగా అనుకుంటున్నాను. ఎనిమిదో భాగంలో మిలాన్ తోట ఉంది, అంజూరపు చెట్టు కింద అతను ఏడుస్తుంటే పక్కింటి నుంచి పిల్లల గొంతు వినిపిస్తుంది, 'తీసి చదువు, తీసి చదువు' అని. అక్కడిదాకా వచ్చి పేజీ తిప్పితే పదో భాగం మొదలైంది. తొమ్మిదో భాగం మొత్తం లేదు. 387లో ఓస్తియాలో మోనికా చనిపోయింది ఆ భాగంలోనే. ఈ శరీరాన్ని ఎక్కడైనా పాతిపెట్టండి, మీరెక్కడున్నా ప్రభువు బల్ల దగ్గర మాత్రం నన్ను తలుచుకోండి అని కొడుకులకి చెప్పింది కూడా అక్కడే. ఆ ఖాళీ చూసి పుస్తకం ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చుండిపోయాను.

ఫోన్ చేశాను. డబ్బు పడేదాకా 'అయ్యగారూ, వందనాలండీ' అన్న మనిషి నిన్న నా గొంతు వినగానే 'నువ్వు' అన్నాడు. తొమ్మిదో భాగం లేదంటే, 'ఇవన్నీ ఎవరు చదువుతారు, బీరువాలో పెట్టుకోడానికేగా, ఏ భాగం ఉంటే ఏంటి నీకు' అన్నాడు. మిగతా 27 పుస్తకాల సంగతి అడిగితే పెట్టేశాడు, తర్వాత నంబరు బ్లాక్ చేశాడు. డబ్బు పోయిందన్న బాధ కంటే ఆ మాటే రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు. బిషప్పు పాలికార్పుని మంటల్లో నిలబెట్టి చివరికి కత్తితో పొడిచి చంపారు, బిషప్పు ఇగ్నేషియస్‌ని మృగాలకి వేయడానికి రోముకి తీసుకెళ్తుంటే దారిలో ఏడు ఉత్తరాలు రాశాడు, అతనాసియస్‌ని ఐదుసార్లు ఊరు వెళ్లగొట్టారు. వాళ్లు అంత పడి మనకి మిగిల్చినవి ఈ మాటలు. చదివేవాళ్లు లేరని అతనెలా తేల్చేశాడు? మా చర్చిలో ఇంటర్ చదివే పిల్లలు ఈ పెట్టె కోసం వారం నుంచి అడుగుతున్నారు.

పితరుల గురించి నలుగురికి చెప్పే నేనే, ఒక్క సంపుటం విషయసూచిక ఫొటో అయినా అడగకుండా 16,000 పంపాను. తమ్ముడికి ఏం చెప్పాలో ఇంకా తెలియట్లేదు.

కొనేవాళ్లు ముందు 38 సంపుటాల విషయసూచికల ఫొటోలు అడగండి, పెట్టె చేతికొచ్చాకే డబ్బివ్వండి. ఈ అనువాదాలు నూరేళ్లు దాటినవి, కాపీరైట్ లేదు, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. తొమ్మిదో భాగం ఈ ఉదయం ఫోన్‌లోనే చదివి నోట్సు రాసుకున్నాను. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు కూడా ఇచ్చాను. ఇదే మనిషికి అడ్వాన్స్ కట్టి ఎదురుచూస్తున్నవాళ్లు ఉంటే మిగతాది పంపకండి, పంపిన రసీదు దాచుకుని మీరూ 1930కి చెప్పండి.