రిమోట్ సాఫ్ట్‌వేర్‌ను యాంటీవైరస్ అడ్డుకుంటే ఏది మేలు: యాంటీవైరస్‌ను ఆపడమా, సాఫ్ట్‌వేర్‌ను మార్చడమా?

20వ తేదీ, జీఎస్టీ త్రీబీ రిటర్న్‌కు ఆఖరి రోజు. కొట్లో అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ మొరాయిస్తుంది. సర్వీసు చేసే అబ్బాయి ఫోన్లో "ఎనీడెస్క్ వేసుకోండి సార్, నేను చూస్తా" అంటాడు. అది మన కంప్యూటర్‌ను దూరం నుంచి ఇంకొకరు నడిపేందుకు వీలిచ్చే రిమోట్ సాఫ్ట్‌వేర్. డౌన్‌లోడ్ చేసి నొక్కగానే స్క్రీన్ మూల ముప్పు కనబడిందని ఒక నోటిఫికేషన్ వస్తుంది, ఫైలు మాయమవుతుంది. అవతలి నుంచి వచ్చే తర్వాతి మాట దాదాపు ప్రతిసారీ ఒకటే: "యాంటీవైరస్ ఆఫ్ చేసెయ్యండి." దీంతో కలిపి దారులు మూడున్నాయి. ఏది ఎప్పుడు మేలో చూద్దాం.

ముందు అడ్డుకున్నది ఎవరో తేల్చుకోవాలి. ఫైలే కనబడకుండా పోయినా, తెరవగానే మూసుకుపోయినా అది యాంటీవైరస్ పని. ప్రోగ్రామ్ తెరుచుకుని, నెట్ బాగానే ఉన్నా, అవతలివాళ్లకు చెప్పాల్సిన ఐడీ అంకెలు రాకపోతే చాలావరకు ఫైర్‌వాల్‌దో (నెట్ రాకపోకలను అదుపు చేసే కాపలా), ఆఫీసు నెట్‌వర్క్‌దో అడ్డు. ఎనీడెస్క్ 80, 443, 6568 పోర్టుల మీద, అంటే నెట్ రాకపోకల ద్వారాల గుండా, బయటికి వెళ్తుంది. అలాంటిదే అయిన టీమ్‌వ్యూయర్ ముందుగా 5938 ప్రయత్నిస్తుంది. ఫైర్‌వాల్ అడ్డుపడుతుంటే యాంటీవైరస్ స్కానింగ్ ఆపినా ఏమీ మారదు, రక్షణ మాత్రం పోతుంది.

ఇక యాంటీవైరస్ ఎందుకు అడ్డుకుంటుంది? ఈ సాఫ్ట్‌వేర్‌లు వైరస్‌లు కావు. కానీ మన కంప్యూటర్‌ను ఇంకొకరి చేతికిస్తాయి, మోసగాళ్లకు కావలసిందీ అదే. అందుకే కొన్ని యాంటీవైరస్‌లు వీటిని రిస్క్‌వేర్ అనే వర్గంలో పెడతాయి. ఎనీడెస్క్ పేరుతో యూపీఐ మోసాలు జరుగుతున్నాయని రిజర్వ్ బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించింది.

చాలామంది గమనించని కారణం ఇంకొకటుంది. తమ సర్వర్లలోకి ఎవరో చొరబడ్డారని 2024 ఫిబ్రవరిలో ఎనీడెస్క్ కంపెనీయే ప్రకటించింది. సాఫ్ట్‌వేర్ తమదేనని చూపడానికి దాని మీద వేసే పాత డిజిటల్ సంతకాన్ని రద్దు చేసి, విండోస్‌లో 8.0.8 వెర్షన్ నుంచి కొత్తది వాడడం మొదలుపెట్టింది. పెన్‌డ్రైవ్‌లో ఏళ్లుగా దాచుకున్న పాత కాపీని యాంటీవైరస్ ఆపితే దాన్ని తప్పుపట్టలేం. పాతది తీసేసి, కంపెనీ సైట్ నుంచి కొత్తది దించుకుంటే కొన్నిసార్లు గొడవ అక్కడితోనే తీరిపోతుంది. దించాక ఫైలు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ అనే ట్యాబ్ చూడండి. ఆ ట్యాబే లేకపోయినా, అందులో ఆ కంపెనీది కాక వేరే పేరున్నా ఆ ఫైలును ముట్టుకోవద్దు.

అప్పటికీ ఆగిపోతే మొదటి దారి, అందరూ చెప్పేది: రక్షణ మొత్తం ఆపడం. విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌లో రియల్ టైమ్ ప్రొటెక్షన్ ఆపితే కాసేపటికి అదే మళ్లీ ఆన్ అవుతుంది, పని సగంలో ఉండగానే ఫైలు మళ్లీ పోవచ్చు. వేరే యాంటీవైరస్‌లలో పూర్తిగా ఆపే వీలుంటుంది, అక్కడే అసలు ప్రమాదం. బయటి మనిషి లోపలికి వచ్చే సమయానికే కాపలా ఉండదు. పని ఎంత తొందరదైనా ఈ దారి నేను ఎవరికీ చెప్పను.

రెండోది మినహాయింపు, అంటే ఎక్స్‌క్లూజన్. ఇది మేలే, కానీ ఎక్కడ పెడుతున్నామన్నది ముఖ్యం. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ను మినహాయిస్తే రేపు అందులోకి ఏ చెత్త వచ్చి పడినా స్కాన్ జరగదు. డిఫెండర్‌లో ప్రాసెస్ అనే ఎంపిక మరీ తప్పుదారి పట్టిస్తుంది. చూడగానే మనకు కావలసింది ఇదే అనిపిస్తుంది. నిజానికి ప్రాసెస్ పేరు ఇస్తే మినహాయింపు ఆ ప్రోగ్రామ్‌కు దొరకదు, ఆ ప్రోగ్రామ్ తెరిచే ఫైళ్లకు దొరుకుతుంది. అంటే ఎనీడెస్క్‌ను ఆపడం మానదు, అవతలి మనిషి దాని ద్వారా పంపే ఫైళ్లను మాత్రం ఆ క్షణంలో చూడకుండా వదిలేస్తుంది. మనకు కావలసినదానికి సరిగ్గా తలకిందులు.

అందుకని విండోస్ సెక్యూరిటీలో ప్రొటెక్షన్ హిస్టరీ తెరిచి, అడ్డుకున్న ఆ ఒక్క అంశం మీదే అలో ఆన్ డివైస్ నొక్కండి. సంతకం సరిచూశాక చేస్తే ఇది చాలు. విండోస్ ఫైర్‌వాల్ ఆ ప్రోగ్రామ్‌కు లోపలికి వచ్చే కనెక్షన్లను ఆపుతుంటే, అలో యాన్ యాప్ త్రూ ఫైర్‌వాల్‌లో ఆ ప్రోగ్రామ్‌కు ప్రైవేట్ గడిలోనే టిక్ పెట్టి, పబ్లిక్ వదిలేయండి.

మూడోది సాధనమే మార్చడం. ఇంట్లో వాళ్లకు సాయం చేయడానికైతే నా ఓటు దీనికే. డల్లాస్‌లో ఉన్న అమ్మాయి విజయవాడలో నాన్న కంప్యూటర్ చూడాలనుకుందాం. విండోస్‌లో క్విక్ అసిస్ట్ ఉంది. కంట్రోల్, విండోస్, క్యూ మీటలు కలిపి నొక్కితే తెరుచుకుంటుంది. మైక్రోసాఫ్ట్ అకౌంటు సాయం చేసేవాళ్లకుంటే చాలు, నాన్నకు అక్కర్లేదు. కోడ్ పది నిమిషాలే పనిచేస్తుంది. మైక్రోసాఫ్ట్‌దే కాబట్టి డిఫెండర్ మామూలుగా దీని జోలికి రాదు. ఒక్క ఇబ్బంది: అడ్మిన్ అనుమతి అడిగే పెట్టె వచ్చినప్పుడు అమ్మాయికి స్క్రీన్ నల్లబడుతుంది. అప్పుడు ఫోన్లో "నాన్నా, ఇప్పుడు మీకు ఏం కనిపిస్తోందో చదవండి" అని అడగాలి. ప్రోగ్రామ్ పేరు ఆయన చదివాక, అది సరైనదైతేనే ఎస్ నొక్కమనాలి. దీన్ని లోపమనుకోవద్దు. ఆ నిర్ణయం కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి చేతిలోనే ఉండాలని విండోస్‌ను అలా కట్టారు.

అయితే యాంటీవైరస్ మౌనంగా ఉందని నిశ్చింతగా ఉండలేం. ఐటీ సపోర్టు వాళ్లమని ఫోన్ చేసి, ఇదే క్విక్ అసిస్ట్ తెరిపించి, చివరికి ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ర్యాన్సమ్‌వేర్ ఎక్కించిన ముఠా గురించి మైక్రోసాఫ్ట్ 2024 మేలో బయటపెట్టింది. ఫోన్ మనం చేశామా, వాళ్లు చేశారా అన్నది ఏ సాఫ్ట్‌వేర్‌కూ తెలియదు, మనకే తెలుసు. వాళ్లే చేసి ఉంటే ఫోన్ పెట్టేయండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి.

మన కంప్యూటర్‌నే దూరం నుంచి వాడుకోవాలంటే క్విక్ అసిస్ట్ కుదరదు, అవతల మనిషి ఉండాలి కదా. దానికి క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ తేలిక, కనీసం ఆరంకెల పిన్ పెట్టుకుంటే సరి. విండోస్ సొంత రిమోట్ డెస్క్‌టాప్ వేగంగా ఉంటుంది కానీ హోమ్ ఎడిషన్ ఉన్న కంప్యూటర్‌లోకి అలా రానివ్వదు, ప్రో కావాలి. దానికోసం రౌటర్‌లో అది వాడే 3389 పోర్టును ఇంటర్నెట్‌కు తెరవడం మాత్రం ఎప్పటికీ వద్దు. 2019లో ఈ రిమోట్ డెస్క్‌టాప్‌లోనే బ్లూకీప్ అనే లోపం బయటపడ్డప్పుడు, అప్పటికే మద్దతు ఆపేసిన ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఇవ్వాల్సి వచ్చింది. వీపీఎన్, అంటే మన నెట్‌వర్క్‌లోకి భద్రంగా చేర్చే రహస్య మార్గం, ఉంటేనే ఈ దారి.

ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే పైవేవీ మీరు చేయాల్సినవి కావు. అక్కడి అడ్డు కంపెనీ పెట్టిన నియమం, ఐటీ వాళ్లకు టికెట్ పెట్టండి.

కాబట్టి మొదటి ఉదాహరణలోని సర్వీసు అబ్బాయి మీకు తెలిసినవాడై, ఎనీడెస్క్ తప్ప వేరేది వాడలేనంటే, కొత్త వెర్షన్, సంతకం చూసుకోవడం, ఒక్క అంశానికే అనుమతి, ఈ వరుసలో వెళ్లండి. అతను పనిచేస్తున్నంతసేపూ స్క్రీన్ ముందే ఉండండి, బ్యాంకు పేజీలు మూసేయండి. పని అయ్యాక ఎనీడెస్క్ సెట్టింగుల్లో, మీరు లేకపోయినా లోపలికి రానిచ్చే అన్అటెండెడ్ యాక్సెస్ పాస్‌వర్డ్ పెట్టి ఉందేమో చూసి తీసేయండి, అలౌడ్ థ్రెట్స్ జాబితాలోంచి ఎనీడెస్క్‌ను తొలగించండి. మళ్లీ అవసరమైతే మళ్లీ అనుమతిద్దాం, రెండు నిమిషాల పని.