టీమ్ స్లైడ్ టెంప్లేట్ కొంటున్నారా? ప్రివ్యూ చూసి నాలా మోసపోకండి

ఆన్‌లైన్‌లో పవర్‌పాయింట్ ప్రజెంటేషన్ టెంప్లేట్లు కొనేవాళ్లు, ముఖ్యంగా ‘మా టీమ్’ స్లైడ్ కోసమే కొనేవాళ్లు, డబ్బు కట్టేముందు ఇది చదవండి. నాకు కట్టాక తెలిసింది.

క్లయింట్ మీటింగ్‌కి రెండు రోజులుంది. మిగతా అంతా సిద్ధం, టీమ్‌ని పరిచయం చేసే స్లైడ్ ఒక్కటే మిగిలింది. మా పాత స్లైడ్‌లో ఒకరి ఫొటో పెళ్లి ఆల్బమ్‌లోది, ఇంకొకరిది ఐడీ కార్డులోది. చూస్తే నాకే సిగ్గేసేది. అందుకని ఒక టెంప్లేట్ ప్యాక్ కొన్నాను. ప్రివ్యూలో గుండ్రటి ఫొటోలు, కింద సన్నటి అక్షరాల్లో పేర్లు, వెనక లేత నీడ, అదిరిపోయింది. ‘300కి పైగా స్లైడ్లు, అన్నీ ఎడిట్ చేసుకోవచ్చు’ అని పెద్ద అక్షరాల్లో రాశారు.

డౌన్‌లోడ్ చేసి తెరిచాను. టీమ్ స్లైడ్‌లో మొదటి ముఖం మీద క్లిక్ చేస్తే స్లైడ్ మొత్తం సెలెక్ట్ అయింది. నా మౌసే సరిగ్గా లేదేమో అనుకుని మళ్లీ నొక్కాను. అదే వరస. వృత్తం, నీడ, పేరు, హోదా అన్నీ కలిపి అతికించేసిన ఒకే బొమ్మ అది! అక్కడ మా వాళ్ల పేర్లు వేయాలంటే ఆ బొమ్మ మీద తెల్ల డబ్బాలు అతికించి వాటి మీద రాసుకోవాలి. ఇక 300 లెక్క అంటారా, 60 స్లైడ్లనే ఐదు రంగుల్లో ఇచ్చారు.

ప్యాక్‌లో ఇంకో నాలుగు టీమ్ స్లైడ్లున్నాయి, అవి నిజంగానే ఎడిట్ అవుతాయి. కానీ ఫొటో పెట్టాల్సిన చోట పిక్చర్ ప్లేస్‌హోల్డర్ లేదు, ఉత్త వృత్తం గీసి వదిలేశారు. ప్లేస్‌హోల్డర్ అయితే ఫొటో వేయగానే అదే సైజుకి కత్తిరించుకుంటుంది. వృత్తంలో ఫొటో నింపితే నా విషయంలో ముఖం అడ్డంగా సాగిపోయింది, ఒక్కొక్కటీ చేత్తో సరిచేసుకోవాల్సి వచ్చింది. అన్నట్టు, ప్లేస్‌హోల్డర్ ఉన్నా నిలువెత్తు ఫొటో వేయకండి. అది మధ్యభాగాన్ని పట్టుకుంటుంది కాబట్టి వృత్తంలో ముఖానికి బదులు చొక్కా గుండీలు కనిపిస్తాయి. భుజాల దాకా ఉన్న ఫొటో కావాలి.

ఇంత తంటా పడి మా ఐదుగురి ఫొటోలూ పెట్టాక కూడా ప్రివ్యూలో ఉన్న అందం రాలేదు. అప్పుడు అర్థమైంది, నేను ముచ్చటపడింది డిజైన్‌ని కాదు, అందులోని మోడళ్ల ఫొటోల్ని. అందరి మీదా ఒకే వెలుతురు, అందరి వెనకా ఒకే రంగు, అందరి తలలూ ఒకే సైజు, కళ్లన్నీ ఒకే గీత మీద. అలాంటి ఫొటోలు వేస్తే ఖాళీ స్లైడ్ అయినా మెరుస్తుంది. మా వాళ్లని ఒకే గోడ ముందు, పగటి వెలుతుర్లో నిలబెట్టి ఫోన్‌తో తీసుంటే నాకు ఏ ప్యాకూ అక్కర్లేకపోయేది. మొత్తం మీద అరగంట పని.

అమ్మినవాళ్లకు మెసేజ్ పెట్టాను. ఆ బొమ్మని ఫొటోషాప్‌లో మార్చుకోమన్నారు. రీఫండ్ అడిగితే, ఒకసారి డౌన్‌లోడ్ చేశాక ఇవ్వరట, షరతుల్లోనే ఉందట. చూస్తే నిజమే, ఉంది. చదవకపోవడం నా తప్పే.

అయినా మొండిగా ఎడిట్ అయ్యే ఆ నాలుగింటిలోనే ఒక స్లైడ్ వాడాను. అందులో ప్రతి పేరు కిందా ‘లీడర్‌షిప్ 85%’ లాంటి గీతలు ఉన్నాయి. తీసేద్దామనుకుంటూనే హడావిడిలో వదిలేశాను. మీటింగ్‌లో క్లయింట్ వాటినే చూసి, “మిగతా పదిహేను శాతం సంగతేంటండీ?” అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, కానీ లోపల టెన్షనే. ఆ అంకె ఎవరు కొలిచారు, దేంతో కొలిచారు? టీమ్ స్లైడ్ చూసేవాళ్లకి కావాల్సింది ఈ పని ఎవరు చేస్తారు, వాళ్లనే ఎందుకు నమ్మాలి అన్నది. పేరు, హోదా, ఇలాంటి పని ఇంతకుముందు ఏం చేశారో ఒక్క లైను ఉంటే చాలు. పనిలోకి దిగనివాళ్ల ముఖాలు అక్కడ ఎన్ని ఉన్నా దండగే.

అదే మీటింగ్‌లో ఇంకో పరువు తక్కువ పని జరిగింది. స్లైడ్లు క్లయింట్ వాళ్ల ల్యాప్‌టాప్‌లో తెరిచారు. టెంప్లేట్‌లోని ఫాంటు అందులో లేకపోవడంతో వేరేది వచ్చింది, ‘ప్రాజెక్ట్ మేనేజర్’ రెండు లైన్లయి ‘మేనేజర్’ పక్క ఫొటో మీద కూర్చుంది. పవర్‌పాయింట్ ఫైల్ ఆప్షన్స్‌లో సేవ్ దగ్గర ఫాంట్లు ఎంబెడ్ చేసే, అంటే ఫైల్లోనే కలిపి పంపే వీలుంది, కానీ లైసెన్సు ఒప్పుకోని ఫాంట్లకి అది పనిచేయదు. పేర్లు తెలుగులో వేయాలనుకునేవాళ్లకి ఇంకా కష్టం. ఈ ప్యాకుల్లోని సోకు ఫాంట్లలో చాలావాటికి తెలుగు అక్షరాలే ఉండవు. పైగా లైన్ల మధ్య ఎడం ఇంగ్లిష్‌కి తగ్గట్టు బిగించి ఉంటుంది కాబట్టి పై లైను వత్తులు కింది లైను గుడుల మీద పడతాయి.

కొనకుండా ఉండమని అనను. కొనేముందు అమ్మేవాళ్లని ఒకటే అడగండి: టీమ్ స్లైడ్‌లో పిక్చర్ ప్లేస్‌హోల్డర్లు స్లైడ్ మాస్టర్‌లో (స్లైడ్లన్నిటి అమరికనీ నిర్ణయించే మూల స్లైడ్‌లో) ఉన్నాయా? అవునో కాదో సూటిగా చెప్పకపోతే వదిలేయండి. ఒక్క స్లైడ్ శాంపిల్ ఇస్తే అందులో ఒక మనిషిని తీసేసి, ఇంకోసారి ఒకరిని అదనంగా చేర్చి చూడండి. ఆరుగురికి గీసిన స్లైడ్ ఐదుగురికి బోసిపోతుంది, ఏడుగురికి ఇరుకవుతుంది. లైసెన్సు ఒక్కరికేనా, ఆఫీసంతా వాడుకోవచ్చా అన్నది కూడా చూసుకోండి.

ఇప్పటికే కొనేసి ఉంటే, ఫైలు కాపీ ఒకటి తీసుకుని పేరు చివరి పీపీటీఎక్స్ (.pptx)ని జిప్ (.zip)గా మార్చి తెరవండి. పీపీటీ అనే ఫోల్డర్‌లో మీడియా అని ఉంటుంది. ముఖాలు, పేర్లతో సహా స్లైడ్ సైజు బొమ్మలు అక్కడ కనిపిస్తే మీకూ నాకు వచ్చిన సరుకే వచ్చింది. నేను అలా చూస్తుంటేనే ఇంకోటి బయటపడింది. ఫొటోలో నేను కత్తిరించేసిన పక్క మనిషి అక్కడ నిక్షేపంగా ఉన్నారు. కత్తిరించిన భాగం కనబడదంతే, ఫైల్లోంచి పోదు. క్లయింట్‌కి పంపేముందు కంప్రెస్ పిక్చర్స్‌లోకి వెళ్లి కత్తిరించిన భాగాల్ని తీసేసే ఆప్షన్‌కి టిక్కు పెట్టి, అప్పుడు సేవ్ చేయండి.