స్పైడీ థీమ్ బర్త్‌డే పార్టీ అనుకుంటున్నారా? బెంగళూరు వైట్‌ఫీల్డ్ వైపు వాళ్లు అడ్వాన్సు కట్టే ముందు ఇది చదవండి

"పిల్లలకేం తెలుసు మేడమ్, ఎరుపూ నీలం కనబడితే చాలు వాళ్లకి."

ఈ మాట అన్న, బర్త్‌డే పార్టీలు చేసిపెట్టే మనిషికి నేను 14 వేలు అడ్వాన్సు కట్టాను. అదీ నాలుగు రోజుల ముందే, అడగ్గానే, బేరం కూడా ఆడకుండా.

ఎవరో చెప్పక్కర్లేదనుకుంటా. వైట్‌ఫీల్డ్, వర్తూరు, కుందలహళ్లి వైపు అపార్ట్‌మెంట్ల తెలుగు గ్రూపులన్నిట్లోనూ ఉంటాడు. బెలూన్ ఆర్చ్ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ ఫొటో, కింద "మన తెలుగువాళ్ల ఫంక్షన్లకి స్పెషల్ రేట్" అని. ఉగాదికీ పెడతాడు, దసరాకీ పెడతాడు. ఆయనే. పేరు రాస్తే గ్రూపు అడ్మిన్‌లకి తలనొప్పి, అందుకని రాయట్లేదు.

మా పాపకి ఐదో పుట్టినరోజు. క్లబ్‌హౌస్ బుక్ చేశాం, కేకూ భోజనాలూ మావే. వాళ్ల ప్యాకేజీ 18 వేలు. అందులో డెకరేషన్, ఆటలు ఆడించే యాంకర్, స్పైడీ టీమ్ ముగ్గురి వేషాలు, చివర్లో ప్రొజెక్టర్ మీద అరగంట స్పైడీ షో. "అక్కా, మీరు టెన్షన్ పడకండి, అంతా నేను చూసుకుంటా" అన్నాడు. నెల్లూరు యాస వినబడగానే నేనూ కరిగిపోయాను. బిల్లు అడగలేదు, ఏమేం ఇస్తాడో రాసివ్వమనీ అడగలేదు. ఆఫీసులో వెండర్ కాంట్రాక్టులు లైను లైను చదివి సంతకం పెట్టే ఘనురాలిని నేను.

ఇంట్లో చిన్నపిల్లలు లేనివాళ్లకి ఒక ముక్క చెప్పాలి, లేకపోతే నా కోపం అర్థం కాదు. స్పైడీ అంటే మనం థియేటర్లో చూసిన స్పైడర్‌మ్యాన్ కాదు. "స్పైడీ అండ్ హిజ్ అమేజింగ్ ఫ్రెండ్స్" అని 2021 ఆగస్టులో డిస్నీ జూనియర్‌లో మొదలైన బొమ్మల సిరీస్. మార్వెల్ వాళ్లు బడికి వెళ్లని వయసు పిల్లల కోసం తీసిన మొదటి పూర్తి సిరీస్ అదే. అందులో హీరో ఒక్కడు కాదు, ముగ్గురు. పీటర్ స్పైడీ, గ్వెన్ ఘోస్టీ, మైల్స్ స్పిన్. ముగ్గురూ పిల్లలే. ఒక్కో కథ పదకొండు నిమిషాలు. గ్రీన్ గాబ్లిన్, రైనో, డాక్ ఆక్ అని విలన్లున్నారు గానీ వాళ్లు చేసేవి కూడా పిల్లల అల్లరి లాంటివే. ఎవరి వస్తువో ఎత్తుకుపోతారు, ఎవరి పండగో పాడుచేస్తారు. స్పైడీ టీమ్ వెబ్ వేసి ఆపుతుంది, అంతే. రక్తాలూ లేవు, చావులూ లేవు. నాలుగేళ్ల పిల్లని దాని ముందు కూర్చోబెట్టి వంటింట్లోకి వెళ్లొచ్చు. ఆ ధైర్యంతోనే కదా మనం ఆ షో పెడతాం.

మా పాపకి స్పైడీ కన్నా ఘోస్టీ ఇష్టం. తెల్ల హుడీ వేసుకున్న అమ్మాయి. అందుకే ముగ్గురూ కావాలని ఫోన్లో రెండుసార్లు గుచ్చి గుచ్చి చెప్పాను. "ముగ్గురూ వస్తారక్కా, ఘోస్టీకి అమ్మాయినే పెడతా" అన్నాడు.

వచ్చింది ఒక్కడు.

పెద్దవాళ్ల సినిమా స్పైడర్‌మ్యాన్ డ్రెస్సు, వీపు మీద జిప్పు తెగి పిన్నీసులు పెట్టి ఉంది, కాళ్లకి మామూలు బూట్లు. పాపం ఆ కుర్రాణ్ణి ఏమీ అనను. రాయచూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ డిగ్రీ చదువుకుంటున్నాడట. ఆ మాస్కులో ఊపిరాడక చెమటలు కారుతుంటే మా అత్తయ్యే మజ్జిగ ఇచ్చింది. "డ్యాన్స్ చేస్తే చాలన్నారు ఆంటీ, పిల్లల షో అని నాకు చెప్పలేదు" అన్నాడు. చెప్పలేదు కాబట్టి వాడికి తెలిసింది వాడు చేశాడు. గాలిలోకి పంచ్‌లు, కిక్‌లు, పక్కనున్న యాంకర్‌ని కిందపడేసినట్టు నటన. మా కింది ఫ్లాట్ బాబు వాళ్లమ్మ వెనక్కి వెళ్లి దాక్కున్నాడు. మా పాప మాత్రం నా దగ్గరికొచ్చి సీరియస్‌గా చెప్పింది: "అమ్మా, స్పైడీ కొట్టడు. వీడు వేరే ఎవరో."

ఆ దాక్కున్న బాబుకి ఇంకా నాలుగేళ్లు నిండలేదు. పీజే మాస్క్స్ అనే బొమ్మల షోలో హీరోలు ముగ్గురూ, క్యాట్‌బాయ్, ఔలెట్, గెకో, పగటిపూట ఎవరెవరో గుక్క తిప్పుకోకుండా చెప్తాడు. కానర్, అమయా, గ్రెగ్ అని. మా తమ్ముడు ఛోటా భీమ్ చూసి పెరిగాడు. అది 2008లో పోగోలో మొదలైంది, తీసింది మన హైదరాబాద్ గ్రీన్ గోల్డ్ వాళ్లు. ఆ రోజుల్లో భీమ్‌తో పోటీపడే కాలియా బొమ్మ చూపించి ఇదే భీమ్ అని ఉంటే మావాడు ఇల్లు పీకి పందిరేసేవాడు. పిల్లలకేం తెలుసట!

అక్కడితో ఆగితే ఈ పోస్టు రాసేదాన్ని కాదు. వేషం బాగోలేదు, పోనీలే, కేక్ బావుంది అనుకుని ఊరుకునేదాన్ని. అసలు సంగతి ప్రొజెక్టర్ దగ్గర జరిగింది.

కేక్ అయ్యాక పిల్లల్ని చాపల మీద కూర్చోబెట్టాం. లైట్లు ఆర్పారు. వాళ్ల అసిస్టెంట్ ల్యాప్‌టాప్‌లో ఏదో వీడియో సైట్ తెరిచి వెతుకులాట పెట్టాడు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. డబ్బు తీసుకుని చూపించే షో చేతిలో సిద్ధంగా ఉండొద్దా? ఏదో ఒకటి నొక్కాడు. బొమ్మ చుట్టూ పూల అంచు, గొంతులు కీచుగా, మామూలు కన్నా వేగంగా. "ఎస్ అక్షరం తిరగబడి ఉంది" అని ఎవరో పిల్ల అరిచింది. నిజమే, టైటిల్‌లో అక్షరాలన్నీ అద్దంలో చూసినట్టున్నాయి. దొంగతనంగా ఎక్కించిన ఎపిసోడ్ అన్నమాట. సైట్ వాళ్ల కాపీరైట్ తనిఖీకి దొరక్కుండా బొమ్మని తిప్పేస్తారు, వేగం మారుస్తారు, అంచులు తగిలిస్తారు. సరే, చూస్తున్నారు కదా అని నేను భోజనాల వైపు వెళ్లాను. అసిస్టెంట్ బయటికి వెళ్లిపోయాడు.

అది అయిపోగానే తర్వాతి వీడియో దానంతటదే మొదలైంది. అది స్పైడీ కాదు. అసలు ఏ షో కాదు. చవకబారు కంప్యూటర్ బొమ్మలు. ఆస్పత్రి మంచం మీద స్పైడర్‌మ్యాన్ డ్రెస్సు వేసిన పసిబిడ్డ, కాళ్లూ చేతులూ కట్టేసి ఉన్నాయి. ఎదురుగా ఎవరో రాకుమారి బొమ్మ, చేతిలో మనిషంత సిరంజి. గుచ్చుతుంది, బిడ్డ ఏడుస్తుంది, మళ్లీ గుచ్చుతుంది. మాటల్లేవు. వెనక హుషారైన పిల్లల పాట. పెద్ద తెర మీద, చీకట్లో, ఐదేళ్ల లోపు పిల్లల ముందు.

ముందు నిశ్శబ్దం. తర్వాత ఒకరు మొదలుపెడితే అందరూ. మా అత్తయ్య పరిగెత్తుకెళ్లి కొంగుతో పాప కళ్లు మూసింది. నేను ల్యాప్‌టాప్ దగ్గరికి వెళ్లి ఏ మీట నొక్కాలో తెలియక ప్రొజెక్టర్ వైరే పీకేశాను. తెర నల్లబడింది గానీ స్పీకర్లలో ఆ ఏడుపూ ఆ పాటా ఇంకా వస్తూనే ఉన్నాయి. మా ఆయన వెతికి స్పీకర్ ఆపేసరికి సగం మంది పిల్లలు చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి పరిగెత్తారు.

అప్పుడొచ్చాడు మన హీరో. చేతిలో బిర్యానీ ప్లేటు, మా బిర్యానీయే. ఏంటిది అని అడిగాను. గొంతు పెంచలేదు, నిజంగా. "మీరే కదా స్పైడర్‌మ్యాన్ కార్టూన్ అన్నారు, కార్టూనే వేశాం" అన్నాడు. అది స్పైడీ కాదు, చిన్నపిల్లలకి చూపించేది కాదు అన్నాను. నవ్వాడండీ. అందరి ముందు, నోట్లో ముద్ద పెట్టుకుని నవ్వాడు. ఆపైన అన్నాడు, నేను మొదట్లో రాసిన మాట. పిల్లలకేం తెలుసు మేడమ్ అని. అడ్వాన్సు పుచ్చుకున్న రోజు అక్కని, అడగ్గానే మేడమ్‌ని అయ్యాను. పక్కనే కింది ఫ్లాటావిడ ఏడుస్తున్న బాబుని ఎత్తుకుని నిలబడి ఉంది. ఆవిడ మొహం కూడా చూడలేదు అతను. ప్లేటు పట్టుకుని పెరుగు చట్నీ ఎక్కడుందని అడిగాడు.

ఆ రాత్రి నిద్ర పట్టక చదివితే తెలిసింది, ఈ చెత్త కొత్తది కాదట. 2017లోనే ప్రపంచమంతా గోల అయింది, ఎల్సాగేట్ అని పేరు కూడా పెట్టారు. స్పైడర్‌మ్యాన్, ఫ్రోజెన్ సినిమాలోని ఎల్సా లాంటి పిల్లలకి తెలిసిన బొమ్మల్ని వాడి ఇంజెక్షన్లు, కిడ్నాప్‌లు, అసహ్యాలు చూపించే వీడియోలు కుప్పలు తెప్పలుగా బయటపడ్డాయి. ఆ ఏడాది నవంబరులో యూట్యూబ్ 50కి పైగా ఛానెళ్లని మూసేసింది. 2020 జనవరి నుంచి పిల్లల వీడియోల మీద కామెంట్లూ, చూసేవాళ్లని బట్టి వేసే ప్రకటనలూ ఆపేశారు. ఇన్ని చేసినా అలాంటివి ఏదో మూల ఎవరో ఎక్కిస్తూనే ఉన్నారు. ఎందుకంటే అవి చూసేవాళ్లు ఆపరు, వెనక్కి తిప్పరు, ఫిర్యాదు చేయరు. పిల్లలు కదా. తర్వాతి వీడియో దానంతటదే వస్తుంటే చూస్తూ కూర్చుంటారు. ఆ వీడియో చేసినవాడికీ మన పార్టీ ఆయనకీ ఒకటే నమ్మకం: ఎరుపూ నీలం చాలు.

మా పాపకి ఐదేళ్లకి వేయించాల్సిన డీపీటీ బూస్టర్ టీకా ఇంకా ఉంది. ఇంతకుముందు సూది అంటే కాసేపు ఏడ్చి చాక్లెట్ అడిగేది. ఇప్పుడు ఆస్పత్రి అన్న మాట వింటేనే మంచం కిందికి దూరుతోంది. "నన్ను కట్టేస్తారా?" అని అడుగుతోంది. దీనికి ఆ 14 వేలల్లో ఎంత లెక్క కట్టమంటారు? ఘోస్టీ ఎందుకు రాలేదు అన్నది ఇంకో ప్రశ్న. ఊరెళ్లిందని చెప్పాను.

డబ్బులు వెనక్కి అడిగితే మొదట రేపు అన్నాడు, తర్వాత డెకరేషన్ చేశాం కదా అన్నాడు, ఆపైన ఫోనే ఎత్తలేదు. మా ఆయన వేరే నంబర్ నుంచి చేస్తే ఎత్తాడు గానీ గొంతు గుర్తుపట్టి పెట్టేశాడు.

సరే, పార్టీ పెట్టుకునేవాళ్లకి రెండు ముక్కలు. ఏ వేషాలు, ఎంతమంది, ఏ షో అన్నది మెసేజ్‌లో రాయించుకోండి, వేషాల ఫొటోలు ముందే చూడండి. షో మాత్రం ఎవరికీ వదలకండి. మీ సొంత అకౌంట్‌లోని ఎపిసోడ్ మీ ఇంట్లో టీవీ మీదే పెట్టండి, తర్వాతిది దానంతటది వచ్చే ఆటోప్లే తీసేయండి. ఇంట్లో యూట్యూబ్ ఇవ్వక తప్పకపోతే యూట్యూబ్ కిడ్స్ అనే పిల్లల యాప్ ఇవ్వండి. అందులో మీరు ఒప్పుకున్న వీడియోలు మాత్రమే కనబడే సెట్టింగ్ ఉంటుంది, నేను ఇప్పుడు పెట్టాను. మోసపోతే 1915కి ఫోన్ చేయండి, వినియోగదారుల హెల్ప్‌లైన్ అది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు వాటికి ఫీజు కూడా లేదు. ఇదే పార్టీ ఆయన దగ్గర ఇంకెవరైనా దెబ్బతిని ఉంటే నాకు మెసేజ్ పెట్టండి, కలిసి వేద్దాం.

ఇది రాస్తుండగానే ఆయన దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. బ్యాలెన్స్ 4 వేలు ఇంకా రాలేదట, ప్రొజెక్టర్ వైరు పీకినందుకు ఇంకో 2 వేలు అట. కింద చేతులు జోడించిన బొమ్మ, "థాంక్యూ అక్కా" అని. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను, ఫిర్యాదులో ఇదే మొదటి కాగితం.